కాగితంలో లేని మనిషి

“నేను ఇంట్ల లేనని సాక్షి పెట్టింది ఎవరు?”

మధుకర్ ఆ మాట అడగడం మూడోసారి. మొదటిసారి అరిచి అడిగాడు. రెండోసారి అరవబోయి, ఆగి, అడిగాడు. ఈసారి గొంతు పూర్తిగా దించి అడిగాడు. ఆ దించిన గొంతుకే వసంత ఎక్కువ భయపడింది.

నల్లా వచ్చే వేళ. ఖాజాగూడ గుట్ట వెనక, రేకుల గదుల వరుసలో ఆడవాళ్ళంతా బిందెలతో బయట నిలబడ్డారు. లోపలి మాట బయటికి పోకూడదని కూతురు వర్షిత తలుపు మూసింది. పదహారేళ్ళ పిల్ల, గొడవ మొదలైతే ముందు తలుపు మూయాలని ఆమెకు ఎవరూ నేర్పలేదు, దానంతట అదే వచ్చింది. తలుపు మూస్తే గది చీకటి. ఎదుటి అద్దాల భవనం మీద పడి తిరిగివచ్చిన ఎండ రేకుల సందులోంచి ఒక్క గీతగా లోపలికి దిగింది. ఆ గీతకు ఈవల మధుకర్, ఆవల అతని భార్య వసంత. మూలన చాటలో బియ్యం ఏరుతూ అతని తల్లి భాగ్యమ్మ.

నార్సింగిలో రాత్రి కాపలా ముగించుకొని అతను ఇంటికి వస్తుంటే, సందు మొదట్లో వార్డు ఆఫీసు మనిషి బండి ఆపి అడిగాడు: ఒంటరి మహిళ వసంత ఇల్లు ఏది? మధుకర్ చెయ్యెత్తి తన ఇంటినే చూపించాడు. తానెవరో చెప్పలేదు. ఆ మనిషి వెనకనే, తన ఇంటికి తానే పరాయివాడిలా నడిచివచ్చి, గోడ పక్కన నిలబడి విన్నాడు. పింఛను విషయమై గురువారం విచారణకు వస్తారని, ఇంట్లో ఎవరెవరు ఉంటున్నారో చూస్తారని, అంతకుముందే డబ్బు సంగతి తేల్చుకుంటే మంచిదని వసంతకు చెప్పి ఆ మనిషి వెళ్ళిపోయాడు.

అలా తెలిసింది మధుకర్‌కు, వారం రోజులుగా ముగ్గురు ఆడవాళ్ళు తన దగ్గర దాచిన సంగతి.

ఏడేళ్ళ కిందట, అప్పు మీద తీసుకొని కిరాయికి తిప్పుతున్న కారును ఫైనాన్సువాళ్ళు పట్టుకుపోయిన మర్నాడు, అతను ఇల్లు విడిచి పోయాడు. నాలుగేళ్ళు జాడ లేదు. మొగుడు వదిలిన ఆడమనిషికి ప్రభుత్వం పింఛను ఇస్తుందని తెలిసి, ఏడాదికి పైగా ఎదురుచూసిన తరువాత, వసంత దరఖాస్తు పెట్టుకుంది. వచ్చింది. గది కిరాయిలో సగం ఆ డబ్బే అయింది. ఆ తరువాత మధుకర్ వచ్చాడు. మనిషి వచ్చాడు గాని పింఛను ఆగలేదు. ఆపమని వసంత చెప్పలేదు. నిరుడు అతని కాలు విరిగి లోపల రాడ్ వేయవలసి వచ్చినప్పుడు, దవాఖాన ఖర్చు ప్రభుత్వం భరించాలంటే కార్డులో పేరుండాలన్నారు. వసంత పరుగున పోయి రేషను కార్డులో భర్త పేరు ఎక్కించింది.

ఒక కాగితంలో ఆమెకు మొగుడు లేడు. ఒక కాగితంలో ఉన్నాడు. ఆ రెండు కాగితాలూ చాన్నాళ్ళు ఒకదాన్నొకటి చూసుకోలేదు. చూసుకున్న రోజున నోటీసు పుట్టింది. భర్త తిరిగివచ్చిన నాటినుంచి తీసుకున్నదంతా, డెబ్బై వేల పైచిలుకు, వెనక్కి కట్టాలి.

చాటలో బియ్యం కదలడం ఆగింది.

“నేనే పెట్టిన,” అన్నది భాగ్యమ్మ.

మధుకర్ తల్లి వైపు తిరిగాడు.

“ఆఫీసోళ్ళు బస్తీల ఇద్దరు పెద్దమనుషుల సాక్షి కావాలన్నరు. అండ్ల ఒకరు అత్తగారైతే ఇంక మంచిదన్నరు. మొగని కన్నతల్లే చెప్తే ఇగ కాదనేటోడు ఎవడుంటడన్నరు. పోయిన. నా బొటనవేలు పెట్టిన. నా కొడుకు పెండ్లాన్ని పిల్లను ఇడిచిపెట్టి పోయిండు, మళ్ళ రాలేదు అని చెప్పిన.”

“అమ్మా.”

“అబద్ధం చెప్పిన్నా?”

మధుకర్ విరిగిన కాలు చాపుకొని నెమ్మదిగా గోడకు చేరబడి కూర్చున్నాడు. బయట ఎవరిదో బిందె నిండి పొర్లుతోంది. ఎవరో ఎవరినో తిడుతున్నారు.

“సరే. అప్పుడు లేను,” అన్నాడు చివరికి. “వచ్చినంక ఎందుకు ఆపలే?”

ఆ ప్రశ్న వసంతను అడిగాడు. వసంత తన చేతుల వైపు చూసుకుంది. ఆమె నోరు తెరవకముందే భాగ్యమ్మ అందుకున్నది.

“ఆపుత అన్నది. నేనే వద్దన్న.”

“ఎందుకు?”

“ఎందుకో నీకు తెల్వదా, కొడుకా.”

కొడుకా అన్న ఆ పిలుపులో ప్రేమ ఉంది. ప్రేమ ఉండబట్టే ఆ మాట అంత లోతుకు దిగింది. మధుకర్ యూనిఫారం చొక్కా గుండీలు ఒక్కొక్కటే విప్పి, మళ్ళీ ఒక్కొక్కటే పెట్టుకున్నాడు. తాను ఏం చేస్తున్నాడో అతనికి తెలిసినట్టు లేదు.

ఆనాడు అన్నం ఎవరూ సరిగా తినలేదు.

*

డబ్బు మాట అందరికంటే ముందు ఎత్తింది వర్షిత. మధ్యాహ్నం, తండ్రి నిద్రపోయాడనుకొని, తల్లి దగ్గర కూర్చొని చెప్పింది. కాలేజీ వ్యాను మానేసి బస్సులో పోతానన్నది. రాయదుర్గం దిక్కున కొత్తగా తెరిచిన సూపర్ మార్కెట్టులో సాయంత్రం బిల్లులు కొట్టడానికి ఆడపిల్లలు కావాలట, స్నేహితురాలు చెప్పిందట. వసంత ఆ పిల్ల తల మీద చెయ్యి వేసింది. ఆమె మనసులో అప్పటికే అన్నీ కోతలు పడుతున్నాయి. పాలు ఒక పూటకు తగ్గాయి. కూరకు టమాటా పోయి చింతపండు వచ్చింది. తన కాలి పట్టీలు ఎప్పుడో పోయాయి, ఇక పోవడానికి చెవుల కమ్మలున్నాయి. అయినా, వాయిదాల మీద కట్టాలన్నా కావలసిన నెలకు మూడు వేలు ఎక్కడినుంచీ రావడం లేదు.

“చదువుకునే పిల్ల చదువుకోవాలె,” అని గోడ వైపు తిరిగి పడుకున్న మధుకర్ అన్నాడు. నిద్రపోలేదన్నమాట.

వర్షిత లేచి వెళ్ళిపోయింది. తండ్రి ఇంటికి వచ్చి మూడేళ్ళయినా ఆమె అతన్ని ఇంతవరకు ఏమనీ పిలవలేదు. అన్నం పెట్టాలంటే కంచం శబ్దం చేస్తుంది. ఫోను వస్తే తీసుకెళ్ళి ముందు పెడుతుంది. పిలుపు మాత్రం లేదు. అడగడానికి అతనికి ధైర్యం లేదు, చెప్పడానికి ఆమెకు ఇష్టం లేదు.

శనివారం వార్డు ఆఫీసులో ప్రశాంతి మేడం చెప్పిన మాటలు వసంత చెవుల్లో తిరుగుతూనే ఉన్నాయి. ఆ అమ్మాయి చెడ్డది కాదు. ఉద్యోగంలో చేరి ఎన్నాళ్ళో కాలేదు. ఎదుటి మనిషి కంటతడి పెడితే తన కళ్ళు పక్కకు తిప్పుకుంటుంది. మొగుడూ పెళ్ళాం ఇద్దరూ కలిసి వచ్చి, ఫలానా రోజు నుంచి కలిసే ఉంటున్నామని రాసి సంతకాలు పెడితే, వాయిదాలకు పెద్దసారును ఒప్పిస్తానన్నది. అలా కాదు, భర్త ఇంట్లో లేడు, కార్డులో పేరు పొరపాటున ఎక్కింది అంటారా, అప్పుడు గురువారం వచ్చి చూస్తారు. నిజంగా లేకపోతే నోటీసు మూసేస్తారు, పింఛను కూడా ఆగదు. ఉండి లేడని చెప్పినట్టు తేలితే మాత్రం కేసు.

కేసు. ఆ ఒక్క మాట దగ్గరే వసంత లెక్కలన్నీ ఆగిపోతున్నాయి. మాదాపూర్‌లో ఆమె తుడిచే పన్నెండంతస్తుల భవనంలోకి పోవాలంటే మెడలో పాసు ఉండాలి. పాసు కావాలంటే పోలీసు స్టేషను నుంచి మీద ఏ కేసూ లేదన్న కాగితం ప్రతి ఏడూ తేవాలి. కేసు అంటే పాసు లేదు. పాసు లేకపోతే జీతం లేదు. జీతం లేకపోతే వాయిదా ఎక్కడిది, కిరాయి ఎక్కడిది, ఈ గది ఎక్కడిది?

*

మంగళవారం ఆమె చెయ్యి పని మీద నిలవలేదు. తొమ్మిదో అంతస్తు నడవాలో తడిగుడ్డ పెట్టి, తడి ఉందని చెప్పే పసుపు బోర్డు పెట్టడం మరచిపోయింది. ఫోను చూసుకుంటూ వస్తున్న ఒకతను జారబోయి, గోడ పట్టుకొని నిలదొక్కుకున్నాడు. అతను ఏమీ అనలేదు. సూపర్వైజరు రాజరాజేశ్వరి అన్నది.

రాజరాజేశ్వరిది భీమవరం దగ్గర పల్లెటూరు. తిట్టినా గారు పెట్టే తిడుతుంది. వసంతను సామాన్ల గదిలోకి పిలిచి, బోర్డు సంగతి రెండు ముక్కల్లో ముగించి, అసలు సంగతి అడిగింది. వసంత దాచలేకపోయింది. ఫినాయిలు డబ్బాల మధ్య నిలబడి మొత్తం చెప్పింది.

విన్నంతసేపూ రాజరాజేశ్వరి చేతి గాజులు పైకీ కిందికీ జరుపుకుంది. తరువాత గొంతు తగ్గించింది.

“ఇందులో బుర్ర బద్దలు కొట్టుకోవడానికేముందండీ? ఓ వారం ఆయన్ని ఎక్కడికైనా పంపించెయ్యండి. గడప దగ్గర మగవాళ్ళ చెప్పులు ఉండకూడదు. తీగ మీద లుంగీ ఆరకూడదు. గడ్డం గీసుకునే సామాను అద్దం దగ్గర కనపడకూడదు. వచ్చినవాళ్ళు ముందు అవే చూస్తారు.”

అవన్నీ ఆమెకెలా తెలుసని వసంత అడగలేదు. రాజరాజేశ్వరి కూడా చెప్పలేదు. తలుపు తీస్తూ మాత్రం ఆగింది.

“వెళ్ళినాయన మళ్ళీ వస్తాడుగా? వారమేగా?”

ఆ మాట ఆమె ధైర్యం చెప్పడానికే అన్నది. కాని సాయంత్రం దాకా వసంత ఏ అద్దం తుడిచినా, ఏ కుర్చీ జరిపినా, ఆ మాటే ఎదురైంది. వెళ్ళినాయన మళ్ళీ వస్తాడుగా? ఏడేళ్ళ కిందట కూడా అతను ఏమీ చెప్పకుండా పోలేదు. గడప దాటుతూ వస్త అనే అన్నాడు. వెళ్ళేవాళ్ళందరూ అనేదే కాబట్టి, ఆమె తల కూడా ఎత్తలేదు.

*

ఇల్లు చేరేసరికి పొద్దు గుట్ట మీద ఉంది. గడప దగ్గర ఆమె కాళ్ళు ఆగిపోయాయి.

అతని చెప్పులు లేవు.

తీగ మీద చూసింది. వర్షిత చున్నీ ఉంది, అత్తమ్మ చీర ఉంది. లుంగీ లేదు. లోపలికి పోయి అద్దం దగ్గర చూసింది. దువ్వెన ఉంది, పౌడరు డబ్బా ఉంది. బ్లేడు లేదు, బ్రష్షు లేదు. తలుపు వెనక మేకు బోసిగా ఉంది. అచ్చం ఆనాటిలాగే. ఆనాడు కూడా ముందు ఆమెకు కనపడింది ఆ మేకే.

“వర్షితా,” అని పిలవబోయింది.

“ఈడనే ఉన్న.”

మాట వెనక నుంచి వచ్చింది. మధుకర్ వంటమూలన, స్టవ్ పక్కన, పీట మీద కూర్చొని టీ తాగుతున్నాడు. అతని కాళ్ళ దగ్గర నిండిన సంచి. సంచి మూతికి తాడు బిగిస్తూ భాగ్యమ్మ.

ఎవరూ చెప్పకుండానే, ఎవరూ అడగకుండానే, రాజరాజేశ్వరి చెప్పినవన్నీ ఆ ముసలామె పొద్దున్నుంచీ చేసిపెట్టింది.

“వారం రోజులు నార్సింగిల వాచ్‌మన్ రూముల ఉంట,” అన్నాడు మధుకర్. “అండ్ల ఇద్దరు బీహార్ పిలగాళ్ళున్నరు. జాగ చేస్త అన్నరు. గురువారం వాళ్ళు వచ్చి చూసి పోయినంక వస్త.”

చాలా తేలికగా చెప్పాడు. పెట్టె సర్దుకొని పెళ్ళికి పోతున్నవాడిలా చెప్పాడు.

“ఎవరు పొమ్మన్నరు నిన్ను?”

“ఎవరు పొమ్మనాలె? పోయేటోనికి పోవుడు కొత్తనా ఏంది?” అని నవ్వబోయాడు. “గవర్నమెంటోళ్ళు ఇంకా నన్ను పోయినోని లెక్కనే రాసుకున్నరంట. వాళ్ళ మాట నిలబెడుత.”

భాగ్యమ్మ నవ్వలేదు. తాడు ముడి ఇంకోసారి బిగించింది. డెబ్బై వేలు కట్టే మొగమా మనది, అని ఎవరినీ చూడకుండా అన్నది. పిల్ల చదువు ఆగుతదని, కోడలి కొలువు పోతదని, వారం రోజులు కండ్లు మూసుకుంటే అంతా సక్కగైతదని చెప్పుకుంటూ పోయింది. చెప్పిన ప్రతిదీ నిజమే.

అయినా వసంత వంగి ఆ తాడు ముడి విప్పింది.

ముడి గట్టిగా ఉంది. ఆసిడ్‌కు ఒరిసిపోయిన వేళ్ళు జారుతున్నాయి. పళ్ళతో పట్టి లాగింది. విప్పి, లుంగీ తీసి దులిపి, తలుపు వెనక మేకుకు తగిలించింది. చొక్కా తీసి తగిలించింది. బ్లేడు, బ్రష్షు తెచ్చి అద్దం దగ్గర పెట్టింది. చివరికి చెప్పులు. వాటిని గడప బయట, తన చెప్పుల పక్కన పెట్టి, లోపలికి వచ్చి అతని ఎదురుగా నేల మీద కూర్చుంది.

“నిన్న అడిగినవు గదా, ఎందుకు ఆపలేదని. అత్తమ్మ మీద వేసి ఊకున్న. అత్తమ్మ చెప్పింది నిజమే. కని అత్తమ్మ చెప్పకముందే నా మనసుల అదే ఉండె. నువ్వు వచ్చినవని ఆఫీసుకు పోయి చెప్పి, అది బంద్ చేసుకొని, మళ్ళ నువ్వు పోతే? మళ్ళ సాక్షులను బతిమాలి, మళ్ళ నా మొగుడు నన్ను ఇడిచిపెట్టిండని నలుగురి ముందట చెప్పుకునే పానం నాకు లేదు. అందుకే ఊకున్న. పైసల కోసం కాదు. భయానికి.”

మధుకర్ చేతిలో గ్లాసు అలాగే ఉంది.

“మూడేండ్లు,” అన్నాడు. “మూడేండ్లు దినాం ఇంటికొచ్చిన. ఒక్కనాడన్న నమ్మలేదా?”

“దినాం నమ్మిన. దినాం భయపడ్డ.”

భాగ్యమ్మ కొంగు మొగానికి అడ్డం పెట్టుకొని బయటికి పోయింది. తలుపు దగ్గర నిలబడిన వర్షిత పక్కకు జరిగి దారి ఇచ్చింది.

“రేపు పది గంటలకు ఆఫీసుకు రా,” అన్నది వసంత. “డ్యూటీ దిగి సీదా అక్కడికే రా. ఇద్దరం సంతకాలు పెడదాం. వాయిదాలు కడదాం. ఎట్ల కడతమో నాకు ఎర్కలే. కని నిన్ను దాచిపెట్టి, నువ్వు లేవని చెప్పే పని ఇగ నాతోని కాదు. వారమే అంటున్నవు. ఈసారి నువ్వు గడప దాటితే అది ఉత్త నాటకమని నా గుండెకు ఎవరు చెప్పాలె?”

“నేను రాకపోతే?”

ఎందుకు అడిగాడో. ఉడికించడానికో, నిజంగానే తెలుసుకోవడానికో. అతని మొహంలో రెండూ లేవు.

“రాకపోయినా సరే. నువ్వు లేవని ఇంకోసారి నా నోట రాదు.”

అతను గ్లాసు కింద పెట్టాడు. యూనిఫారం వేసుకున్నాడు. కుంటుతూ గడప దాటి, చెప్పులు తొడుక్కొని, ఒక్క క్షణం నిలబడ్డాడు.

“వస్త,” అన్నాడు.

ఈసారి వసంత తలెత్తి చూసింది. సందు మలుపు దాకా చూస్తూనే ఉంది. చూసినంత మాత్రాన ఏం తెలుస్తుంది? ఆనాటి మాటే ఇది. ఆనాటి గొంతే ఇది.

*

బుధవారం పొద్దున వర్షిత ఇంకా నిద్ర లేవకముందే వసంత ఇల్లు కదిలింది. ముందు మాదాపూర్‌కు పోయి, రాజరాజేశ్వరి కాళ్ళావేళ్ళా పడి అరపూట సెలవు అడిగి, అక్కడినుంచి వార్డు ఆఫీసు బస్సు ఎక్కింది. బస్సులో నిలబడడానికి చోటు లేదు. కిటికీ పక్క సీటు మీద ఎవరో బయటినుంచి వేసిన చేతిరుమాలు ఉంది. ఎవరూ అందులో కూర్చోలేదు.

పెళ్ళయిన కొత్తలో మెహదీపట్నం బస్టాండులో మధుకర్ అలాగే చేసేవాడు. బస్సు ఆగకముందే పక్కన పరుగెత్తి, కిటికీలోంచి రుమాలు విసిరి, ఆమె నెమ్మదిగా ఎక్కి వచ్చి కూర్చునేదాకా కింద నిలబడి నవ్వేవాడు. ఒక గుడ్డముక్కను చూసి ఇంత జనం ఎందుకు ఆగుతారని ఆమె అడిగేది. అది ఉన్నదంటే మనిషి ఉన్నట్టే గదా అనేవాడు.

పదయింది. ఆఫీసులో ప్రశాంతి మేడం ఎదుట రెండు కుర్చీలు. ఒకదానిలో వసంత.

ఫోను చేసింది. మొదటిసారి మోగి ఆగిపోయింది. రెండోసారి మోగనే లేదు. స్విచ్ ఆఫ్ అన్నది. రాత్రి డ్యూటీలో బ్యాటరీ అయిపోయి ఉంటుందని తనకు తాను చెప్పుకుంది. నార్సింగి నుంచి ఆటోలు దొరకవని చెప్పుకుంది. కాలు నొప్పి చేసి ఎక్కడో కూర్చొని ఉంటాడని చెప్పుకుంది. చెప్పుకోవడానికి ఇంకేమీ మిగలని వేళ ఆమె ఫోను మోగింది.

వర్షిత.

“అమ్మా, ఇంట్ల సంచి లేదే.”

“ఏ సంచి?”

“నిన్న నాయనమ్మ కట్టిన సంచి. మేకుకు లుంగీ లేదు. చొక్కా లేదు. పొద్దున నేను లేవకముందే వచ్చి పోయిండంట, పక్కింటి అక్క చూసిందంట. నాయనమ్మ నల్లా కాడ ఉండె, ఆమెకూ ఎర్కలేదు.” పిల్ల ఊపిరి ఎగపోస్తోంది. “అమ్మా, డాడీ వస్తడు గదా?”

డాడీ. మూడేళ్ళుగా ఆ ఇంట్లో ఎవరూ వినని మాట. వినవలసినవాడు వినడానికి లేనప్పుడు ఆ మాట పుట్టింది.

వస్తడు బిడ్డా అని వసంత ఫోను పెట్టేసింది. మేడం చూడకుండా ఫోనును ఒళ్ళో కొంగు కింద దాచుకుంది.

ప్రశాంతి చూడనే చూసింది. కాసేపు తన ముందున్న కంప్యూటరు వైపు చూస్తూ కూర్చొని, తరువాత మెల్లగా అడిగింది.

“మీ ఆయన రావడం లేదా అమ్మా?”

వసంత పక్కనున్న ఖాళీ కుర్చీ వైపు చూసింది.

“చూడండి. నేను ఇప్పుడు ఒకటి రాయాలి. ఉన్నాడని రాస్తే, ఆయన సంతకం లేకుండా వాయిదాలకు పెద్దసారు ఒప్పుకోరు. మొత్తం మీ ఒక్కరి మీదే పడుతుంది, అదీ ఒకేసారి. పింఛను ఈ నెల నుంచే ఆగిపోతుంది.” ఆమె ఒక్క క్షణం ఆగింది. “ఇంట్లో లేడంటే లేడని రాస్తాను. రేపు మావాళ్ళు వచ్చి చూస్తారు. నిజంగా లేకపోతే మీకు ఏ ఇబ్బందీ ఉండదు. ఆలోచించుకొని చెప్పండి. ఏమని రాయమంటారు?”

నిజంగా లేకపోతే.

రేపు వాళ్ళు వస్తారు. గడప దగ్గర చెప్పులు ఉండవు. తీగ మీద లుంగీ ఉండదు. అద్దం దగ్గర బ్లేడు ఉండదు. ఎవరూ దాచనక్కరలేదు, ఎవరూ అబద్ధం ఆడనక్కరలేదు. లేడు అన్న ఒక్క మాటకు డెబ్బై వేలు మాఫీ. లేడు అన్న ఒక్క మాటకు పిల్ల చదువు నిలుస్తుంది, మెడలో పాసు నిలుస్తుంది, నెల నెలా పింఛను మళ్ళీ వస్తుంది. మొగుడు పోయినందుకు వచ్చే పింఛను.

ఫ్యాను తిరుగుతున్నా పడుతున్న చెమటను ఆమె చేతిరుమాలుతో తుడుచుకుంది. తలుపు వైపు చూడకూడదనుకుంటూనే చూసింది. తలుపులో ఎవరూ లేరు.

“ఉన్నడు మేడం,” అన్నది వసంత. “ఉన్నడని రాయండి.”

“ఆయన రాకపోతే—”

“రాయండి.”

ప్రశాంతి రాసింది. ఏ నాటి నుంచి అని అడిగింది. బతుకమ్మ పండుగ ముందు, వర్షిత ఎనిమిదో తరగతిలో ఉండగా, కాల్చిన మక్క కంకులు రెండు కాగితంలో చుట్టుకొని వచ్చి, లోపలికి రావచ్చునో రాకూడదో తెలియక గడప బయటే నిలబడ్డాడని వసంత చెప్పింది. కంకుల సంగతి ప్రశాంతి రాసుకోలేదు. నెల, సంవత్సరం రాసుకొని, కాగితం ఇటు తిప్పి పెట్టింది. వసంత సంతకం పెట్టింది. పక్కన ఇంకో సంతకానికి చోటు అలాగే తెల్లగా ఉంది.

“ఒంటిగంట దాకా పైకి పంపను,” అన్నది ప్రశాంతి, ఆమె మొహం చూడకుండా.

ఆఫీసు నిండుతోంది. ముసలివాళ్ళు, పసిపిల్లల తల్లులు, కర్ర ఊతంతో వచ్చినవాళ్ళు. కూర్చోవడానికి చోటు చాలక గోడలకు ఆనుకొని నిలబడుతున్నారు. వసంత తన చెమట తుడుచుకున్న చేతిరుమాలు విప్పింది. మడతలు పోయేలా అరచేతితో సాపు చేసింది. పక్కనున్న ఖాళీ కుర్చీ మీద పరిచింది.

చేతిలో దరఖాస్తు పట్టుకున్న ఒక పెద్దాయన వచ్చి ఆ కుర్చీ వైపు, రుమాలు వైపు, ఆమె వైపు చూశాడు.

“ఈడ ఎవరన్న ఉన్నరా, బిడ్డా?”

“ఉన్నరు,” అన్నది వసంత.